చెయ్యి పడని తుపాకీ

ఆమె నిమ్మచెక్కతో గోళ్ళు రుద్దుకుంటోంది. అవిసె నూనె, కర్రపొడి కలిసి గోళ్ళ సందుల్లోకి దిగిన మరక అంత తేలిగ్గా వదిలేది కాదు. "హాలుకి పెద్దపెద్దవాళ్ళొస్తారు. ఆ చేతులు కాస్త శుభ్రంగా కడుక్కో" అన్నాడు భర్త పొద్దున్నే. ఎంత మురిసిపోయిందో పిచ్చిది! నలుగురూ నా చేతులు చూస్తారనే కదా అంటున్నాడు అనుకుని, చర్మం మండేదాకా రుద్దింది. మధ్యలో అత్తగారు వచ్చి, "అవి వంటకు తెచ్చిన నిమ్మకాయలమ్మా, సోకులకు కాదు" అని ఓ మాట విసిరి వెళ్ళింది. ఇంకో రోజయితే ఆ మాట సాయంత్రందాకా గుచ్చుకునేది. ఇవాళ చెవినే పడలేదు.

సంగతేమిటంటే, ఆ భర్తగారు పాతకాలపు డబుల్ బ్యారెల్ తుపాకులు సేకరిస్తాడు. ఆయనలాంటి వాళ్ళంతా ఏడాదికోసారి ఒక హాల్లో చేరి, ఎవరి తుపాకీ వాళ్ళు బల్లమీద పెట్టి, సంతలో పశువును చూసినట్టు ఒళ్ళంతా తడిమి చూస్తారు. గొట్టాలు కోసి పొట్టిచేశారా, మరమేకుల తలలు చెదిరాయా, ఇనుము మీది నగిషీ మళ్ళీ చెక్కించారా, వెనకాల పట్టుకునే కర్ర మార్చారా అని ఒకటే ఆరా. కిటికీ వైపు బల్ల 'చెయ్యి పడని' తుపాకులది. అంటే, తయారైన నాటినుంచి ఎవరూ బాగుచెయ్యనివి, మార్చనివి. వాటిని నెత్తిన పెట్టుకుని, అన్నిట్లో మేలైనదానికి బహుమతిస్తారు. గోడవైపు బల్ల బాగుచేసినవాటిది. అక్కడ పనిచేసినవాళ్ళే తమ తుపాకీ పక్కన నిలబడతారు. సంఘం పెద్దాయన వచ్చి పేరడిగి, హాలంతా వినపడేలా చెప్తాడు. ఈ ఏడు ఆ గోడ పక్కన నిలబడేది నువ్వే అని భర్త మాటిచ్చాడు.

ఆమె తండ్రి తుపాకీ కర్రలు చేసే వడ్రంగి. పట్టు జారకుండా కర్రమీద సన్నటి గళ్ళు చెక్కడం ఆయన దగ్గరే నేర్చుకుంది. పెళ్ళయ్యాక వెనక గది ఆమె పనిగది అయింది, అదీ అన్నం వార్చి, అత్తగారికి మందులిచ్చి, బట్టలు ఆరేసి, ఇంకేమైనా పొద్దు మిగిలితే. భర్త తెచ్చే తుపాకుల కర్రలన్నీ ఆమె చేతిమీదుగానే తేరుకున్నాయి. స్నేహితులొస్తే ఆయన వాటిని చూపిస్తాడు, ఆమె టీ ఇస్తుంది. "నీ గొప్పంతా అదేనే, నువ్వు పని చేసినట్టే కనపడదు" అనేవాడు వాళ్ళు వెళ్ళాక. ఇల్లు అద్దంలా ఉందని ఎవరైనా అంటే, "మా ఇల్లెప్పుడూ ఇంతేనండీ" అనేవాడు, గోడలు వాటంతటవే దులుపుకుంటున్నట్టు. అదీ మెచ్చుకోలే అనుకుని నవ్వేసేది. ఈ ఏడు హాలుకి వెళ్ళే తుపాకీ ఇంటికొచ్చినప్పుడైతే దాని కర్ర మెడ దగ్గర చీలి ఉంది. ఎవడో తెలివిమాలినవాడు ఉప్పుకాగితం పెట్టి గళ్ళన్నీ నున్నగా గీకేశాడు. చీలిక అతికి, ఒక్కో గీతా మళ్ళీ తీసి, నూనె పట్టించి పట్టించి దాన్ని లేపింది. అంతా అయ్యాక భర్త వేలితో రాసి చూసి, "కుడివైపు గళ్ళు కాస్త అరగదీయి. మరీ గుచ్చుకుంటున్నాయి, పట్టుకుంటే హాయిగా ఉండాలి" అన్నాడు. గోనెగుడ్డతో రుద్దింది. అది చాల్లేదనిపించి, పొయ్యి మీద పాలు కాగుతున్నంతసేపూ ఒళ్ళో పెట్టుకుని ఉత్త అరచేత్తోనే రుద్దింది. అలా వారాలు. చంటిపిల్ల వీపు నిమిరినట్టు నిమిరిందంటే నమ్మండి.

హాల్లోకి రాగానే తిన్నగా గోడవైపు వెళ్ళింది. ఆ బల్లమీద తన తుపాకీ లేదు. ఇంకా పెట్టలేదేమో అనుకుంటూ తలతిప్పి చూస్తే, కిటికీ దగ్గర, ఎండ పడేచోట, పచ్చ గుడ్డమీద ఉంది. పొరపాటున పెట్టారనే అనుకుంది ఆ క్షణంలో కూడా. వెళ్ళి భర్త పక్కన నిలబడి, "మనది బల్ల మారినట్టుందండీ" అంది.

ఆయన ఆమె మోచెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్ళాడు. "మారలేదు. దాని చోటు అదే."

"గోడ దగ్గర పెడతానని మాటిచ్చారుగా."

"ఇచ్చాను. నువ్వింత బాగా చేస్తావని అప్పుడు తెలీదు కదా" అని నవ్వాడు. "ఎవరూ కనిపెట్టలేరు. అక్కడ గెలిస్తే ఇద్దరం గెలిచినట్టే. నీ పేరు చెప్పించుకుని ఏం చేసుకుంటావు? నోరు మూసుకుని కాసేపు కూర్చో."

ఆమెకు అప్పుడు ఒక్కొక్కటే అర్థమైంది. పొద్దున గోళ్ళు కడుక్కోమన్నది ఎవరికీ అనుమానం రాకుండా. గళ్ళు అరగదీయించింది హాయి కోసం కాదు, కొత్తగా చెక్కిన గళ్ళు ఏళ్ళ తరబడి వాడకంలో అరిగినట్టు కనపడటానికి. తను ప్రేమగా చేస్తున్నాననుకున్న పని దొంగపని, అదీ తనకు తెలియకుండా తన చేత్తోనే చేయించాడు. పరాయివాడు మోసం చేస్తే తిట్టుకోవచ్చు. పక్కన పడుకునేవాడు చేస్తే ఎవరితో చెప్పుకోవాలి? మోసపోయాను అని మనసులో అనుకోవడానికి కూడా సిగ్గేసింది ఆమెకు. ఆ సిగ్గు పడాల్సినవాడేమో జుట్టు సర్దుకుంటూ నిలబడ్డాడు.

పెద్దాయన భూతద్దంతో వచ్చాడు. మరమేకులు చూశాడు, నగిషీ చూశాడు, గొట్టాల్లోకి చూశాడు. చివరికి కర్ర కుడివైపు బొటనవేలితో నిమిరి అక్కడే ఆగిపోయాడు.

"ఇది చూశారా? ఇటువైపు గళ్ళే అరిగాయి. ఇలాంటిది ఎవరూ చెయ్యలేరు. ఒక మగాడు జీవితమంతా పట్టుకు తిరిగితే వచ్చిన అరుగుదల ఇది."

చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. ఆమె అరచెయ్యి చురుక్కుమంది.

తీర్పుకి ముందు అడిగే ప్రశ్న ఒకటుంది వాళ్ళలో. దానికి ఎవరూ ఏమీ అనకపోతే ఇక తిరుగులేదు. పెద్దాయన హాలంతా చూసి అడిగాడు. "దీనిమీద చెయ్యి పడిందని తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

"నా మాట తీసుకోండి, ఎవరి చెయ్యీ పడలేదు" అన్నాడు భర్త.

పెద్దాయన సరదా మనిషి. ఆమెకేసి తిరిగి, "ఏమ్మా, దుమ్ము దులపడానికైనా మీరెప్పుడూ ముట్టుకోలేదా?" అన్నాడు. అందరూ నవ్వారు.

ఆమె నోరు తెరిచేలోగా భర్తే అందుకున్నాడు. "మా ఆవిడకి తుపాకీ అంటేనే భయమండీ. అవి ఉండే గది గడప కూడా తొక్కదు."

మళ్ళీ నవ్వారు. ఇప్పుడు చెప్తే ఆయన పరువు బజారున పడుతుంది. ఈ సంఘం గుమ్మం మళ్ళీ ఎక్కనివ్వరు. ఇంటికెళ్ళాక అత్తగారు మొగుడి కొంప కూల్చిందానా అని రోజూ ఎత్తిపొడుస్తుంది. ఆయన మాట్లాడటమే మానేస్తాడు. ఇవన్నీ ఆమెకు తెలుసు. చెప్పకపోతే ఏమవుతుందో కూడా తెలుసు. ఏమీ అవదు. తుపాకులంటే భయపడే ఆడమనిషి ఒకతి ఇంటికెళ్ళి వంట మొదలుపెడుతుంది, అంతే.

ఆమె బల్ల దగ్గరికి నడిచి తుపాకీ అందుకుంది. ముందుగా బొటనవేలితో మీట తోసి, గొట్టాలు వంచి, తూటాలు లేవని వెలుతురుకి ఎత్తి చూసుకుంది. ఆ పని తెలిసినవాళ్ళెవరైనా మొదట చేసేది అదే. తర్వాత దాన్ని అలాగే తెరిచి ఉంచి, మోచేతి వంపులో వేసుకుంది. నవ్వులు ఆగిపోయాయి.

"ఏయ్, ఏం చేస్తున్నావు? పెట్టెయ్" అన్నాడు భర్త, పళ్ళు బిగించి.

ఆమె వినిపించుకోలేదు. జనం తప్పుకుంటే ఆ మధ్యలోంచి హాలు దాటి, గోడవైపు బల్లమీద తుపాకీని పడుకోబెట్టి, దాని పక్కన నిలబడింది.

"ఇక్కడ పేరడుగుతారు కదండీ" అంది పెద్దాయనతో. "అడగండి."