నడిచిన ఇల్లు

పెళ్ళయి పాతికేళ్ళు దాటినా, ఆ ఒక్క విషయంలో మాత్రం పిచ్చుక మాట ఆమె భర్త నమ్మలేదు. పిచ్చుక అసలు పేరేం కాదు. నోట్లో నువ్వుగింజ నానకుండా కిచకిచలాడుతూ తిరిగేదని చిన్నప్పుడు ఒడ్డున అందరూ పెట్టిన పేరు. ఇప్పుడామె సముద్రానికెదురుగా ఉన్న ఆరంతస్తుల మేడ కింద కుట్టుకొట్టు నడుపుతోంది. ఆయన బట్ట కత్తిరిస్తాడు, ఆమె మిషన్ తొక్కుతుంది. ఆయన కొండల్లో, రాతిగోడల మధ్య పుట్టి పెరిగినవాడు.

"ఇల్లు నడవడమేమిటే? దానికేమన్నా కాళ్ళున్నాయా?" అనేవాడు.

"ఉన్నాయి. ఈ కళ్ళతో చూశాను," అనేది పిచ్చుక.

చూసిన మాట నిజం. అప్పటికి ఆమెకు తొమ్మిదేళ్ళో పదేళ్ళో. ఒడ్డున రోడ్డు లేదు, గోడ లేదు, దీపస్తంభాలు లేవు. ఎవరో గుప్పెడు గవ్వలు విసిరేసినట్టు ఇసుక మీద ఇళ్ళు. ఇసుకలో పాతిన కర్ర నిట్రాళ్ళు, ఆకుల కప్పు, చుట్టూ అల్లిన తడికెలు. నేలంటే ఇసుకే. తలుపులకు గడియలుండేవి కావు, గాలికి కొట్టుకోకుండా ఓ రాయి అడ్డం పెడితే సరిపోయేది. ఒకరింట్లో పొయ్యి రాజుకుంటే ఇరుగుపొరుగు అక్కణ్ణించే నిప్పు పట్టుకెళ్ళేవాళ్ళు.

ఆ ఏడు వానలు ముదిరేసరికి సముద్రం ముందుకొచ్చింది. ఓ పొద్దున పిచ్చుక లేచి చూస్తే గడప మీద నురుగు. వాళ్ళ నాన్న పరుగున వెళ్ళి అన్నగారిని పిలుచుకొచ్చాడు. ఆయన పడవలు కట్టేవాడు. పిచ్చుకకి పెదనాన్న. నీళ్ళకేసి ఓసారి, ఇంటికేసి ఓసారి చూసి, "రేపు ఇల్లు లేపేద్దాం," అన్నాడు, మంచం పక్కకి జరుపుదామన్నంత తేలిగ్గా.

చిక్కల్లా నాయనమ్మతో వచ్చింది. ఆవిడకి కాళ్ళు పడిపోయి రెండేళ్ళు. మంచంతో సహా బయటికి మోస్తామని కొడుకులు బతిమాలారు.

"నలుగురూ మోసే రోజు ఎలాగూ వస్తుంది కదరా, ఇప్పట్నుంచే తొందరేం? ఇంట్లోంచి నేను కదలను."

"ఇల్లే కదులుతోందమ్మా!"

"కదిలితే దాంతోపాటే వస్తాను."

పెదనాన్న తల గోక్కుని, మంచం నాలుగు కోళ్ళకీ తాళ్ళు కట్టి కప్పు దూలాలకు వేలాడదీశాడు. నాయనమ్మ ఉయ్యాల్లో పసిపిల్లలా ఊగుతూ, "ఇది బాగానే ఉందిరోయ్," అంది. ఆవిడకి తోడుగా పిచ్చుకని లోపల ఉంచారు.

నిట్రాళ్ళ మొదళ్ళలో ఇసుక తోడేశారు. పడవల తెరచాప కొయ్యలు తెచ్చి నిట్రాళ్ళకి అడ్డంగా, పొడుగునా బిగించి కట్టారు. ఒడ్డున కాలూ చెయ్యీ ఆడే ప్రతివాళ్ళూ వచ్చి తలో చోట భుజం ఆనించారు. లోపలున్న పిచ్చుకకి మాటలు తప్ప మనుషులు కనబడలేదు. పెదనాన్న గొంతు ఖంగుమంది.

"హైలెస్సా!"

ఇల్లు మూలిగింది. కప్పులోంచి దుమ్ము రాలింది. తడికెల అంచులు ఇసుక వదిలి పైకి లేచాయి, జానెడు, మూరెడు. ఆ సందులోంచి ఒక్కసారిగా వెలుగు నాలుగువైపులనుంచీ లోపలికి పారింది. ఆ వెలుగులో కనబడ్డాయి కాళ్ళు. ఇంటి చుట్టూ, గోడ కింద, వరసగా కాళ్ళు. నల్లవీ, చామనవీ, పిక్కలు ఉబ్బినవీ, వణికేవీ. కాళ్ళన్నీ ఒక్కసారే అడుగేశాయి. ఇల్లు కదిలింది.

నేల మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది! పొయ్యిరాళ్ళు మెల్లగా వెనక్కి జారి, గోడ కిందనుంచి బయటికి పోయాయి. కొత్త ఇసుక ముందునుంచి లోపలికి వచ్చింది. ఓ పీత కూడా వచ్చి, తనెక్కడున్నదీ తెలియక బిక్కమొహం వేసింది. పిచ్చుక ఇంటితోపాటు నడిచింది. కాళ్ళను చూసి ఎవరెవరో పోల్చుకుంటోంది. అదిగో నాన్న, అవి వలలల్లే మావయ్యవి, అది కుంటి తాత పాదం, ఆయనెందుకొచ్చాడో!

మంచం మీదనుంచి నాయనమ్మ ఉన్నట్టుండి, "ఒసే, ఆ పాదం ఎవరిదే?" అంది.

చిటికెనవేలు లేని ఎడమ పాదం. లంగరు పడి వేలు తెగిన ఎదురింటి అవ్వది. ఎండబెట్టిన చేపలు పిల్లి తినేసిందని ఆవిడకీ నాయనమ్మకీ ఏళ్ళ తరబడి మాటల్లేవు. ఆ పిల్లి ఇద్దరిదీ కాదు, అది వేరే సంగతి.

నాయనమ్మ కాసేపు ఆ పాదాన్నే చూసింది. తర్వాత గట్టిగా, "చూసి నడువు, ముందు గుంట ఉంది," అంది.

తడిక అవతల్నుంచి రొప్పుతూ జవాబొచ్చింది. "నోరు మూసుకుని పడుకో. నిన్ను కాదు, ఇంటిని మోస్తున్నా."

ముందు నాయనమ్మ నవ్వింది. అవతల ఎదురింటి అవ్వ నవ్వింది. ఆ నవ్వు గోడ చుట్టూ పాకి అందరి కాళ్ళూ తడబడ్డాయి, ఇల్లు ఓ పక్కకి ఒరిగింది. "నవ్వకండర్రా, చస్తాం!" అని పెదనాన్న అరిచాడు. వెనకున్న ఎత్తైన ఇసుకదిబ్బ మీద ఇల్లు దించేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. "నలుగురు మోస్తే చావు. ఇంతమంది మోస్తే రాణీవైభోగం," అని నాయనమ్మ కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకుంది. ఎదురింటి అవ్వ ఆ సాయంత్రమే నిప్పు తెచ్చి కొత్త పొయ్యి రాజేసింది. కాళ్ళు కడుక్కుని మంచం పక్కనే కూలబడి, చీకటి పడేదాకా పిల్లి సంగతి మొదట్నుంచీ తిరగదోడింది.

ఆ తర్వాత కొన్నేళ్ళకి రోడ్డు వచ్చింది, రాతిగోడ వచ్చింది, మేడలు లేచాయి. ఒడ్డు జనం తలో అంతస్తుకీ చేరారు. ముసలివాళ్ళు ఒక్కొక్కరే రాలిపోయారు.

మొన్నామధ్య పెదనాన్న తన కూతురి చెయ్యి పట్టుకుని కొట్టుకి వచ్చాడు. ఒళ్ళు తగ్గి చొక్కా వదులైందట, కుట్టు లోపలికి వెయ్యాలట. పిచ్చుక భర్త టేపు చుడుతూ హాస్యానికి అడిగాడు.

"మావయ్యగారూ, మీరైనా నిజం చెప్పండి. ఇల్లు నడిచిందా?"

"ఏ ఇల్లు?" అన్నాడు ముసలాయన. "నడవని ఇల్లేది? మీ ఆవిడవాళ్ళది మూడుసార్లు నడిచింది. మాది రెండుసార్లు. కుంటాడిదైతే లెక్కే లేదు, వాడికి చోటు ఓ పట్టాన నచ్చేది కాదు."

పెదనాన్న వెళ్ళాక పిచ్చుక భర్త కత్తెర పక్కన పెట్టి, "పద, చూపించు," అన్నాడు. పాతికేళ్ళలో మొదటిసారి.

రోడ్డు దాటి రాతిగోడ దగ్గర నిలబడ్డారు. ఆయన ఇసుక కోసం అటూ ఇటూ వెతికాడు. పిచ్చుక చెయ్యెత్తి నీళ్ళలోకి చూపించింది, బాగా దూరంగా, రెండు పడవలు లంగరేసి ఊగుతున్నచోట.

"అక్కడా? అది సముద్రం కదే!"

"అక్కడే పుట్టాను."

ఆయన అంతదూరం నీళ్ళని కళ్ళతో కొలిచాడు. అంతదూరాన్నీ మనుషులు ఇళ్ళు భుజానేసుకుని నడిచి వచ్చారని అర్థమైంది. కొండల్లో పుట్టినవాడు, కదలనిదే గొప్పదనుకుని పెరిగినవాడు, గోడ మీద రెండు చేతులూ ఆన్చి ముందుకు వంగి చూశాడు.

గొంతు తగ్గించి అడిగాడు. "పొయ్యి ఎక్కడుండేది?"

"ఆ ఎర్ర పడవకి కాస్త ఇవతల," అంది పిచ్చుక.