రాయి అని రాయి

తిరుమలను రాయి చంపింది. నేను కళ్లారా చూశాను. ఇరవై ఆరేళ్లుగా బొగ్గుబాయిలో దిగుతున్నవాణ్ని, ఎగిరొచ్చే రాయికీ బంతికీ తేడా నాకు కాంట్రాక్టర్ రఘుపతి నేర్పాలా?

2009. బొగ్గు ప్రాంతపు ఆడపిల్లల వన్డే పోటీలు. గోదావరిఖని, శ్రీరాంపూర్, గోలేటి, జ్యోతినగర్ జట్లు, నలభై ఓవర్ల ఆట. అంపైరును నేనే. మా గోదావరిఖని పిల్లలు గోలేటి మీదా, జ్యోతినగర్ మీదా గెలిచారు. జ్యోతినగర్ ఇంజనీర్ల పిల్లల కొత్త బ్యాట్లు చూసి కూడా జంకలేదు. శ్రీరాంపూర్‌తో గెలిస్తే కప్పు మాదే. ఓపెన్‌కాస్టు గనిలో తవ్విపోసిన మట్టిగుట్ట పక్కనున్న మా గ్రౌండులోనే ఆట. ఇరవయ్యో ఓవర్ కాగానే నీళ్లు తాగమని ఆట ఆపాను. ఆట ఆగితే బంతి అంపైరు దగ్గరుండాలి. తీసి జేబులో వేసుకున్నాను.

సైరన్ మోగలేదు. ఎర్రజెండా ఎవడూ ఊపలేదు. ఒక్కసారిగా భూమి అదిరింది. గుట్ట అవతల రఘుపతి మనుషులు పేల్చిన రాళ్లు మా మీద వానలా పడ్డాయి. గ్లాసు నోటికి పెట్టుకున్న తిరుమల తల పగిలింది. పద్దెనిమిదేళ్ల పిల్ల! నా తెల్లచొక్కా నిండా ఆ పిల్ల నెత్తురే. దవాఖానకు చేరేలోపే పోయింది.

మర్నాడు శవం ఇంటికి రాకముందే రఘుపతి కాగితం పట్టుకొని తిరుమల వాకిట్లో దిగాడు.

"ఎల్లన్నా, బాల్ తాకి సచ్చిందని సంతకం పెట్టు. అంపైరువు గదా, నీ మాటే సాక్ష్యం."

"బాల్ నా జేబుల ఉండె సారూ. జేబులకెల్లి ఎగిరిపోయిందా?"

"నౌకరీ మీద ఫికర్ లేదా?"

గోడకు కూలబడి ఉన్న తిరుమల తల్లి సారవ్వ లేచింది. కాగితం గుంజుకొని చింపి వాడి మొహాన కొట్టింది.

"బాల్ తాకి సచ్చిందని రాస్తే, రేపు ఏ అవ్వ బిడ్డను గ్రౌండుకు పంపుతది? ఆడోళ్లకు ఆటెందుకు అంటరు. నా బిడ్డను రెండుసార్లు సంపుతవారా?"

ఆ సాయంత్రం యూనియన్ ఆఫీసు కిక్కిరిసింది. నాయకుడు బుచ్చన్న నసిగాడు.

"జల్ది పడొద్దు. పై సార్లతోటి మాట్లాడుదం."

తిరుమల చెల్లెలు హర్షిణి లేచి నిలబడింది. మా వికెట్ కీపర్ ఆ పిల్లే.

"నువ్వు మాట్లాడు కాక. మాకు ఇంకా ఇరవై ఓవర్లున్నయి. గ్రౌండుల కాదు, డంపర్లు తిరిగే తొవ్వల ఆడతం, ఒక్క లారీ కదలదు. శ్రీరాంపూర్ అక్కలు వస్తమన్నరు."

"పోలీసోళ్లు సంపుతరే!"

"గ్రౌండుల ఉంటే సంపలేదా?"

బుచ్చన్న కండువా దులుపుకొని బయటికి నడిచాడు.

మూడోనాడు పొద్దున్నే గుట్ట కింది తొవ్వలో వికెట్లు పాతాం. రెండు జట్లూ దిగాయి, వెనక కాలనీ అంతా దిగింది. మొదటి డంపరు డ్రైవర్ బిక్షం ఇంజన్ ఆపి కిందికి దూకాడు.

"ఒకలు తక్కువున్నరు గదా, నేను నిలవడుదునా?"

"ఆడోళ్ల మ్యాచ్ కాక. సప్పుడు చెయ్యక లైను అవతల కూసో!" అంది హర్షిణి. ఆ ఏడుపులోనూ అందరం నవ్వాం.

ఐదు ఓవర్లు సాగింది. అప్పుడొచ్చాడు రఘుపతి, ఇనుపరాడ్లు పట్టిన గూండాలతో. వెనక పోలీసులు చేతులు కట్టుకొని చూశారు. మొదటి దెబ్బకే హర్షిణి ముంజేయి విరిగింది. సారవ్వను జుట్టు పట్టి ఈడ్చారు. ఇక ఆగుతామా? వికెట్లు పీకాం. శ్రీరాంపూర్ పిల్లలు బ్యాట్లతో ఎదురుతిరిగారు. ఆ పిల్లల్లో ఇద్దరికి తలలు పగిలాయి, మాలో ఆరుగురికి. రఘుపతి పళ్లు రాలాయి. అప్పుడు గుర్తొచ్చింది పోలీసులకు లాఠీ. ముప్పైమందిని వ్యానులో కుక్కి తీసుకుపోయారు. గూండాల్లో ఒక్కడూ లేడు అందులో.

స్టేషన్‌లో ఎస్సై కాగితాలు ముందేసుకున్నాడు.

"ఆ పిల్ల ఎట్ల సచ్చింది? ఏం రాయాలె?"

"రాయి," అంది సారవ్వ.

"అదే, ఏం రాయాలె?"

"రాయి అని రాయి."

తర్వాత హర్షిణిని అడిగాడు. విరిగిన చేతిని పొట్టకు అదుముకొని అదే మాట చెప్పింది. శ్రీరాంపూర్ పిల్లలు చెప్పారు. బిక్షం చెప్పాడు. "బంతి నా జేబుల ఉండె, రాయి అని రాయి," అని నేనూ చెప్పాను. ఎస్సై చెయ్యి నొప్పి పుట్టి పెన్ను కింద పడేశాడు.

అంతలో బయట బూట్ల చప్పుడు. రెండో షిఫ్టు కార్మికులు బాయిలో దిగలేదు. నెత్తిన టోపీలతో, నడుముకు లైట్లతో స్టేషన్ చుట్టూ నిలబడ్డారు. వాళ్ల ముందు బుచ్చన్న.

"గేటు తియ్యిండ్రి! మా సాక్ష్యం గూడ రాసుకోండ్రి!"

ఎస్సై కిటికీలోంచి చూశాడు.

సారవ్వ వంగి పెన్ను తీసి అతని చేతిలో పెట్టింది.

"రాస్తనే ఉండు బిడ్డా. ఇంకా వస్తున్నరు."