తుడిచేసిన మెసేజ్

నెలలు నిండకముందే పుట్టిన పాపని ఇంటికి పంపుతూ నర్సమ్మ గట్టిగానే చెప్పింది. "కంటి లోపల రక్తనాళాలు ఇంకా ఎదగలేదమ్మా. అవి అడ్డదిడ్డంగా పెరిగితే చూపు పోతుంది. పరీక్ష తేదీలు ఫోనుకి పంపుతాం. ఒక్కటీ తప్పొద్దు."

పాప తల్లి ఇచ్చింది మొగుడి నంబరు. ఆమెకి కుట్లు మానలేదని మొదటి పరీక్షకి అతనే ఎత్తుకెళ్లాడు. తిరిగొచ్చి అన్నం ముట్టలేదు. ఏమన్నారని అడిగితే, "మళ్లీ రమ్మంటారట" అని గోడకి చెప్పాడు.

ఆ తర్వాత మెసేజే లేదు.

అతనిది ఇంటి ముందరే కోడిమాంసం కొట్టు. ఆర్డర్లన్నీ ఫోనులోనే వస్తాయి. సరుకు చేతికిచ్చాక గానీ మెసేజ్ తీసెయ్యడు. ఫోనులో మెసేజ్ మిగిలిందంటే పని మిగిలినట్టే. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆమె చూస్తున్న పద్ధతి అది.

ఆ పొద్దున ఫోను టింగుమంది. చూశాడు, బొటనవేలితో తుడిచేశాడు, జేబులో పడేసుకున్నాడు. కోడిని పట్టలేదు, సంచీ కట్టలేదు.

"అత్తమ్మా, మీ అబ్బాయి సరుకివ్వకుండానే మెసేజ్ తీసేశాడు."

"ఎవతో అయ్యుంటుంది," అంది అత్త, బట్టలు మడతపెడుతూనే. "వాళ్ల నాన్నకి ఫోను లేదు కాబట్టి నా కాపురం నిలబడింది."

సాయంత్రం దాకా ఆమె కళ్లు అతని జేబు మీదే ఉన్నాయి. ఎవతో అయితే తర్వాత తేల్చుకోవచ్చు. ఆసుపత్రిదైతే? పాపని వెలుగు వైపు తిప్పి చూసింది. చూస్తోందో లేదో ఎంతకీ తేలలేదు.

అతను స్నానానికి వెళ్లగానే మళ్లీ టింగుమంది. తీసి చదివింది. "మీ పాపని కంటి పరీక్షకి తీసుకురాలేదు. రేపు ఉదయం తప్పక రండి. ఆలస్యమైతే చూపుకి ప్రమాదం."

తల తుడుచుకుంటూ వచ్చినవాడి ముందు ఫోను పెట్టింది. "ఏంటిది?"

"దొంగ మెసేజ్‌లు వస్తుంటాయి."

"దొంగకి మన పాప కళ్ల సంగతి ఎవరు చెప్పారు?"

అతను మంచం మీద కూలబడ్డాడు. "మొన్న పరీక్షలో రెప్పలు మూసుకోకుండా తీగ పెట్టి ఆపారే. తల నన్నే పట్టుకోమన్నారు. ఊపిరి తిరగనంత ఏడ్చింది. మళ్లీ నా వల్ల కాదు."

"రోజూ కోళ్ల మెడలు తిప్పేవాడివి."

"అవి నన్ను నాన్నా అని పిలవవు కదా."

"ఇది పిలుస్తుంది. ఎటు తిరిగి పిలవాలో తెలియదంతే."

గుమ్మంలో నిలబడి వింటున్న అత్త లోపలికొచ్చింది. "ఎవతో అనుకున్నానురా. అదే నయంగా ఉండేది."

మర్నాడు డాక్టరమ్మ చాలాసేపు చూసింది. "ఎడమ కన్ను పాడవడం మొదలైంది. ఈరోజే లేజర్ చేస్తే ఆగొచ్చు. ఇంతకుముందు మెసేజ్ అందలేదా?"

అతను పాప దుప్పటి సర్దాడు.

"అందింది," అంది ఆమె. అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు. నంబరు మాత్రం మార్పించి తనది రాయించింది.

మత్తు ఇచ్చేముందు ఇంకోసారి చూడాలి, పాప తల ఎవరైనా పట్టుకోండి అన్నారు. అతను చేతులు కడుక్కుని ముందుకొచ్చాడు.

"నువ్వు బయట కూర్చో. నేను పట్టుకుంటా," అన్నాడు ఆమెతో.

ఆమె కదల్లేదు. పాప గుక్కపట్టి ఏడుస్తున్నా పాప వైపు చూడకుండా, అతని చేతుల వైపే చూస్తూ నిలబడింది.