అల్లుడికి అజోను లేదు

నా రాతలో తప్పులుంటే మన్నించండి. అక్షరాలు నా చేతికి ఆలస్యంగా వచ్చాయి, మా ఆయన పోయాక, చర్చి వెనక పెద్దవాళ్ళ బడిలో. ఒక్కో మాట కూడబలుక్కుని రాస్తాను కాబట్టి ఈ కథ కూడా నాలాగే నెమ్మదిగా నడుస్తుంది.

సొరోటి పట్నంలో గూడ్సు షెడ్డు వెనక పేటలో అసెకెన్యే వాకిలి ఎక్కడని ఎవరినీ అడగక్కర్లేదు. వాసన పట్టుకుని వెళ్ళొచ్చు. రాగిపిండి పులియబెట్టి, రేకు మీద వేయించి, ఎండబెట్టి, మొలకరాగుల పిండి కలిపి ఆమె చేసే అజోను, అదే రాగికల్లు, దానికోసం మార్కెట్టు అవతలి వాళ్ళు కూడా నడిచి వస్తారు. మొగుడు పోయాక ఆ కుండే ఆమెను నిలబెట్టింది, ఆ కుండే ఆమె అక్క కూతురు అమూలెన్‌ను పెంచింది.

సాయంత్రం ఎండ షెడ్డు మీంచి జారగానే మగవాళ్ళు కుర్చీలు లాక్కుని కుండ చుట్టూ చేరతారు. ఆడవాళ్ళు చాప మీద కూర్చుంటారు. చూరులో దోపిన పొడవాటి గొట్టాల్లోంచి ఎవరిది వాళ్ళు తీసుకుని కుండలోకి దించుతారు. అసెకెన్యే నల్ల కెటిలుతో కుండలో వేడినీళ్ళు పోస్తూ తిరుగుతుంది. పోయడం, పీల్చడం. ఇంతమాత్రం పనికి ఒక సంఘం కావాలా? కావాలట. ఆ సంఘానికొక ఛైర్మన్ కూడా కావాలట.

ఆ ఛైర్మన్ ఒకిరింగ్. సబ్‌కౌంటీ ఆఫీసులో ముద్రలు కొట్టి కొట్టి రిటైరైన మనిషి. ఎవరో రాసినదాని కింద ముద్ర వేయడమే ఆయన జీవితమంతా చేసిన పని. అలా కొట్టగా కొట్టగా రాసింది కూడా తనే అనిపించింది కాబోలు. ఎంత ఉక్కగా ఉన్నా కోటు విప్పడు. విప్పితే లోపల మనిషి ఎంతున్నాడో తెలిసిపోతుందని భయమేమోనని అసెకెన్యే అనుమానం. ఆయనకు ఇద్దరు భార్యలు, ఇద్దరూ వెళ్ళిపోయారు. మొదటావిడ చెప్పి వెళ్ళింది. రెండో ఆవిడకు చెప్పే సందు దొరకలేదు, ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు.

కుండ దగ్గర ఆయన చట్టాలు అన్నీ ఇన్నీ కావు. గొట్టంలోకి ఊదకూడదు. ఎడమచేత్తో పట్టుకోకూడదు. తుమ్ము వస్తే ముందు గొట్టం బయటికి తీయాలి, తర్వాత తుమ్మాలి. తప్పు చేసినవాడు కుర్చీ వదిలి ఎడంగా నిలబడి, మిగతావాళ్ళు తాగుతుంటే చూస్తూ ఉండాలి. ఇవన్నీ తాతల నాటి మర్యాదలే, పిల్లలకు కూడా తెలుసు. కానీ ఒకిరింగ్ నోట్లో పడేసరికి వాటికి కూడా ముద్రల సిరా కంపు అంటుకుంది.

కిందటి వానాకాలం వడ్రంగి ఒడేకే తాగుతుండగా అతని భార్య చిన్నమ్మ వచ్చి చాప మీద కూర్చుంది. మాలో అత్తా అల్లుడూ ఒక కుండ దగ్గర కూర్చోరు, ఒకరి ముఖం ఒకరు చూసుకోరు. ఒడేకే బతిమాలాడు, “ఆవిడ మా అత్త కాదండీ, అత్త చెల్లెలు. అందులోనూ అవతల చివర కూర్చుంది.”

“పాయింట్ ఆఫ్ ఆర్డర్!” అని లేచాడు ఒకిరింగ్. “చిన్నమ్మంటే అమ్మే. నీ గొట్టం తీసుకుని లేచెళ్ళు. మర్యాదలు తెలీని మనిషికి గొట్టం ఎందుకు? ఊదుకోడానికా?”

ఒడేకే లేచి గేటుదాకా వెళ్ళి నిలబడ్డాడు. ఒకిరింగ్ చాలాసేపు ఆ విషయం మీదే ఉపన్యాసం చెప్పాడు. కుండ చల్లారిపోయింది.

ఇటువంటి మనిషిని అమూలెన్ ఇష్టపడిందని తెలిసినప్పుడు అసెకెన్యే చేతిలోని వేయించే గరిట అలాగే ఆగిపోయింది.

“ఆయన మనవాళ్ళ దగ్గరికి పెద్దల్ని పంపుతానన్నాడు చిన్నమ్మా,” అంది అమూలెన్, కుట్టుమిషను మీంచి తల ఎత్తకుండా. బజారు వీధిలో దర్జీ దగ్గర పని నేర్చుకుంటున్న పిల్ల. చేతులు చురుకు, తల కూడా చురుకే, ఇన్నాళ్ళూ అసెకెన్యే అలాగే అనుకుంది.

“ఎవరు? ఏ ఆయన?”

“ఛైర్మన్ గారు.”

“ఆయనలో నీకేం కనిపించిందే? కోటా?”

“నవ్వకు. ఆయన లేచి నిలబడితే అందరూ నోరు మూసుకుంటారు. నువ్వూ చూశావుగా.”

“ఎందుకు మూసుకోరు? ఆయన మాట పూర్తయితే గానీ తాగనివ్వడు కదా. తొందరగా కానిస్తాడేమోనని మూసుకుంటారు.”

“నీ కంటికి ఎవరూ ఆనరు,” అంది అమూలెన్. “నాకు సబ్బు కొనిపెట్టాడు. నాతో ఇంగ్లీషులో మాట్లాడతాడు.”

“ఏమంటాడు?”

“అర్థం కాలేదు. కానీ బాగుంది.”

అసెకెన్యే ఆలోచనలో పడింది. ఈ వయసు పిల్లతో వద్దంటే కావాలంటుంది. అమూలెన్ తండ్రి అన్నదమ్ముల దగ్గరికి ఒకిరింగ్ పెద్దలు వెళితే వాళ్ళు ఓలి కింద ఇచ్చే రెండు ఆవుల్ని చూసి తలూపేస్తారు. అప్పుడు ఈ పిల్ల మిషను మూలకు చేరుతుంది, ఆ కోటు ఇస్త్రీ చేస్తూ, ఆ ఉపన్యాసాలు వింటూ ముసలిదైపోతుంది. రేకు మీద రాగిపిండి మాడుతోందని చాప మీద కూర్చున్న పక్కింటావిడ అరిచేదాకా అసెకెన్యేకి తెలియలేదు.

మర్నాడు సాయంత్రం సంఘం కూర్చుంది. మొదట వార్తలు. సమాచార కార్యదర్శి ఎజోకు చెప్పులు కుట్టుకునేవాడు. గొంతు పెద్దదని ఆ పదవి ఇచ్చారు.

“చేతిపంపు పిడి బాగుచేశారు, మళ్ళీ విరిగింది,” అని మొదలుపెట్టాడు ఎజోకు. “ఇంజిన్ డ్రైవరు ఓగ్వాల్ ఇంట్లో కవలలు పుట్టారు. ఆయన ఇంకా ఊళ్ళోకి రాలేదు, ఎవరూ ముందే చెప్పకండి, గుండె బలహీనం. రైలుగేటు దగ్గర ఒక మేక తిరుగుతోంది, మీదైతే తీసుకోండి, మీది కాకపోతే ఊరుకోండి. ఆఖరి వార్త. మన గౌరవనీయులైన ఛైర్మన్ గారు త్వరలో గృహస్థులు కాబోతున్నారు. వధువు, ఈ వాకిట్లోనే పెరిగిన కుమారి అమూలెన్!”

ఒకిరింగ్ లేచి కోటు సవరించుకున్నాడు. చప్పట్ల కోసం చూశాడు. ఎవరూ కొట్టలేదు. అందరూ ఆయన వెనక్కి చూస్తున్నారు.

కెటిలు పట్టుకుని ఆయన గొట్టం పక్కనే నిలబడి ఉన్న అసెకెన్యే, కెటిలు నేల మీద పెట్టింది. భుజం మీది గుడ్డ తీసి తల మీంచి ముఖం నిండా కప్పుకుంది. ఆయన వైపు వీపు తిప్పి, పాము కనబడ్డ మనిషిలా పక్క పక్కగా జరుగుతూ వంటపాకలోకి వెళ్ళిపోయింది.

“ఆవిడకేమైంది?” అన్నాడు ఒకిరింగ్.

ఊళ్ళో అందరి మర్యాదల లెక్కా పట్టుకుని తిరిగే మనిషికి తన లెక్క ఒక్కటే తట్టలేదు. తన నోట్లో గొట్టం ఎవరి కుండలో ఉందో చూసుకోకుండా పెళ్ళి చాటించుకున్నాడు.

ఒడేకే గొట్టం బయటికి తీసి, నింపాదిగా మూతి తుడుచుకున్నాడు. “ఏమీ కాలేదు ఛైర్మన్ గారూ. మీ అత్తగారు లోపలికి వెళ్ళారు, అంతే.”

“అత్తగారేంటి? ఆవిడ పిల్లకు చిన్నమ్మ!”

“చిన్నమ్మంటే అమ్మే,” అన్నాడు ఒడేకే. “మీ నోటితోనే విన్నా. నిలబడి విన్నా.”

చాప మీది ఆడవాళ్ళలో ఒకరు నవ్వు ఆపుకోలేక గొట్టంలోకి ఊదేశారు. కుండ బుడబుడమంది. అది తప్పు కిందికి వస్తుందని ఎవరికీ గుర్తు రాలేదు.

“పాయింట్ ఆఫ్ ఆర్డర్,” అన్నాడు ఒకిరింగ్, కానీ ఈసారి గొంతు పైకి లేవలేదు. “పెద్దలింకా వెళ్ళలేదు. ఆవులింకా చేతులు మారలేదు. అంతవరకు ఇది పరాయి కుండే.”

అప్పుడు వంటపాక గోడ వెనకనుంచి అసెకెన్యే మాట వినబడింది. అల్లుడితో నేరుగా మాట్లాడకూడదు కాబట్టి ఎజోకుతో మాట్లాడింది.

“ఎజోకూ, అల్లుడుగారికి నా మాటగా చెప్పు. ఇంతటి పెద్దమనిషి మా ఇంటి అల్లుడు కావడం మా అదృష్టం. అటువంటి వారి ముందు నేను ముఖం చూపించలేను, వారు నా చేతి కుండ ముట్టలేరు. వారి గొట్టం వారికి మర్యాదగా అందించు. రెండు చేతులతో.”

ఎజోకు రెండు చేతులతో అందించాడు. ఒకిరింగ్ దాన్ని చంకలో పెట్టుకుని వెళ్ళాడు. గేటు సందులో గొట్టం అడ్డం తిరిగి ఇరుక్కుంది. ముందుకు తోశాడు, వెనక్కి లాగాడు. ఎవరూ లేవలేదు.

అమూలెన్ మాత్రం కళ్ళనీళ్ళు పెట్టుకుంది. “కావాలనే చేశావు.”

“మర్యాద చేశాను. అల్లుడికి చేయనా మరి?”

“ఆయన నాకోసం అజోను మానేస్తాడు. చూడు. మనసున్న మనిషి ఆ మాత్రం చేయడా?”

అసెకెన్యేకి ఆ మాటే పట్టుకుంది. ఆ పిల్ల చెప్పిందే నిజమైతే? తాగుడు మాని, కోటు దులుపుకుని, పెద్దల్ని వెంటబెట్టుకుని వచ్చి నిలబడితే? అప్పుడు ఆ మనిషి నిజంగానే ఏదో ఒకటి అయినట్టే. కాదనడానికి తన దగ్గర మాట ఉండదు.

ఒకిరింగ్ కబేళా పక్కనున్న ఇంకో వాకిలికి పోయాడు. అక్కడి అజోనులో ఇసుక ఉంటుంది, మాడు వాసన ఉంటుంది, పైగా అక్కడ అప్పటికే ఒక ఛైర్మన్ ఉన్నాడు. కొత్తవాడిగా చివరి కుర్చీ ఇచ్చారు. వార్తల మధ్యలో మాట్లాడినందుకు లేపి నిలబెట్టారు కూడా. ఇదంతా ఎజోకు మోసుకొచ్చే వార్తల్లో వినబడింది. తర్వాత రాయబారాలు మొదలయ్యాయి. అత్తగారు పాకలోనే ఉండి, పక్కింటావిడ నీళ్ళు పోస్తే కుదురుతుందా? కుదరదంది అసెకెన్యే. చిన్న కుండ ఒకటి కంచె మీంచి అందిస్తే? అయ్యో, అల్లుడుగారు కంచె మీంచి తాగడమా, ఎంత నామోషీ, అంది.

“చూశావా, ఇంకా పెళ్ళి వద్దనలేదు,” అంది అమూలెన్. “కుదిరే దారి వెతుకుతున్నాడు.”

దేని కోసం వెతుకుతున్నాడో ఆ పిల్లకు ఇంకా తెలియలేదు.

అసెకెన్యే అప్పుడు తనకు వచ్చిన పని చేసింది. సెరేరే వైపునుంచి వచ్చిన ఎర్రరాగులు ఏరించింది. పులుపు సరిగ్గా పట్టేదాకా పిండిని తొందరపెట్టలేదు. ఒకిరింగ్ ఇంటివైపు గాలి మళ్ళిన పూట చూసి పొయ్యి వెలిగించి, రేకు మీద సన్నసెగన వేయించింది. ఆ కమ్మటి వాసన షెడ్డు దాటి, పట్టాలు దాటి, ఆయన గుమ్మం ముందు కూర్చుంది.

ఆదివారం చర్చి అయ్యాక కొత్త కుండ తెరిచారు. సంఘమంతా వచ్చింది. అందరూ గొట్టాలు దించుతుండగా కంచె అవతల కోటు కనబడింది. అసెకెన్యే మళ్ళీ ముఖం కప్పుకుని వంటపాకలోకి తప్పుకుంది. ఒకిరింగ్ లోపలికి రాలేదు. ఎజోకును చేత్తో పిలిచాడు. చెవిలో ఏదో చెప్పాడు. ఎజోకు ఒకసారి వంటపాక వైపు చూసి, “మీరే చెప్పండి,” అన్నాడు. ఒకిరింగ్ తల అడ్డంగా ఊపి అతన్ని లోపలికి తోశాడు.

ఎజోకు కుండ పక్కన నిలబడి గొంతు సవరించుకున్నాడు. “వార్త. అంటే, సవరణ. ఛైర్మన్ గారికి పెళ్ళి ఉద్దేశం లేదు. ఎప్పుడూ లేదు. ముందు చెప్పిన వార్త సమాచార కార్యదర్శి పొరపాటు.”

వంటపాకలో అమూలెన్ చేతిలో కెటిలు ఉంది. అసెకెన్యే ఆ పిల్ల ముఖం వైపు చూడలేదు. చూస్తే తను గెలిచినట్టు ఉంటుంది. తల మీది గుడ్డ తీసి భుజాన వేసుకుని బయటికి వచ్చింది.

“రండి ఛైర్మన్ గారూ. ఎండలో నిలబడ్డారేం?”

ఆయన తలవంచుకుని వస్తాడని ఆమె అనుకుంది. కనీసం ఒక్క పూట మాట్లాడకుండా కూర్చుంటాడని అనుకుంది. ఆయనకు ఆ మాత్రం గౌరవం ఇవ్వడం కూడా ఎక్కువే అయింది. ఒకిరింగ్ నేరుగా తన కుర్చీ దగ్గరికి వచ్చి, అందులో కూర్చున్న ఒడేకేను లేపి, గొట్టం దించి, కూర్చున్నాడు.

“ముందుగా,” అన్నాడు, “సంఘానికి తప్పుడు వార్త చెప్పినందుకు ఎజోకు ఎడంగా నిలబడాలి.”

ఎజోకు వెళ్ళి నిలబడ్డాడు. ఒకిరింగ్ కళ్ళు మూసుకుని పీల్చసాగాడు.

అమూలెన్ కెటిలుతో బయటికి వచ్చింది. ఒక్కొక్కరి పక్కన పోస్తూ పోస్తూ ఆయన దగ్గరికి వచ్చింది. అందరూ పీల్చడం ఆపారు. ఆయన ఆపలేదు. ఒక్క కన్ను తెరిచి కెటిలు చూశాడు, కెటిలు పట్టుకున్న చేతిదాకా రాలేదు చూపు.

“మెల్లిగా పొయ్యి,” అన్నాడు. “కోటు మీద పడుతుంది.”

అమూలెన్ మెల్లిగానే పోసింది. ఒక్క చుక్క కూడా కోటు మీద పడలేదు. పోశాక కూడా కాసేపు అక్కడే నిలబడి ఆయన్ని చూసింది, బజారులో దర్జీ చేతికి చిరుగుల గుడ్డ వస్తే కుట్టాలా పారేయాలా అని చూసినట్టు. తర్వాత పాకలోకి వచ్చి కెటిలు పొయ్యి మీద పెట్టింది.

“చిన్నమ్మా,” అంది, “పీల్చేటప్పుడు ఆయన బుగ్గలు అలా లోపలికి పోతాయా, ఎప్పుడూ?”

“ఎప్పుడూ,” అంది అసెకెన్యే. “ఉల్లిపాయలు తరుగు.”

జెరూషా అగ్వాంగ్, అరవై ఏడేళ్ళు. ఇప్పుడు కుమి ఊళ్ళో చిన్న కూతురి ఇంట్లో ఉంటున్నాను.