చార్టులో ఇంగువ లేదు

ఆగస్టు మొదటి వారంలో రేఖ టీచరు తన స్కూటీ అమ్మేస్తానంది. శైలజ ఇంట్లో వంట లెక్కలు ఆ రోజే మొదలయ్యాయి.

రాజాం దాటాక బొబ్బిలి రోడ్డు మీదున్న ఒక ప్రైవేటు బడిలో శైలజ మూడో తరగతికి పాఠాలు చెబుతుంది. ఇంటి నుంచి బడికి ఐదు కిలోమీటర్లు. షేర్ ఆటో నిండితే గానీ కదలదు, నిండాక ఎక్కడానికి చోటుండదు. వారానికి రెండుసార్లైనా ప్రార్థన అయ్యేదాకా గేటు బయట నిలబడాల్సి వస్తుంది. తన క్లాసు పిల్లలే వరుసలోంచి తొంగిచూసి నవ్వుతారు. తోటి టీచరు రేఖ భర్తకు విశాఖలో ఉద్యోగం వచ్చింది, డిసెంబరులో వాళ్ళు వెళ్ళిపోతున్నారు.

"ముప్పై రెండు వేలకి నీకే ఇచ్చెస్తాను. అప్పటిదాకా ఇంకెవురికీ సెప్పను" అంది రేఖ.

శైలజ దగ్గర ఇరవై వేలున్నాయి. మిగతా పన్నెండు వేలు నాలుగు నెలల్లో రావాలి. భర్త త్రినాథ్‌ది కాలిపోయిన మోటార్లకు వైండింగ్ కట్టే షాపు. పొలాలకు నీళ్ళు కావలసిన రోజుల్లో అన్నానికి కూడా రాడు, వానలు పడితే ఈగలు తోలుకుంటాడు. ఆ ఆదివారం మధ్యాహ్నం ఇద్దరూ కూర్చుని చూస్తే వంటింటికి నెలకు పదకొండు వేలవుతున్నట్టు తేలింది. అదీ బియ్యం కాకుండా. బియ్యం ఊరి నుంచి సొంత పొలానివే వస్తాయి.

"మన పాప పింకీతో కలిపి ఐదుగురం. పదకొండు వేలు ఏటి తింటన్నాం బావా?" అంది శైలజ.

"బాగా తింటన్నాం" అన్నాడు త్రినాథ్ తృప్తిగా.

అది నిజమే. అత్త సుభద్రమ్మ చేతి వంట అలాంటిది. రెండు కూరలు లేకుండా విస్తరి ముందు ఎవరినీ కూర్చోబెట్టదు. వండిన దాంట్లో ఒక గిన్నె పక్కింటి లక్ష్మణమ్మకు వెళ్ళాల్సిందే. మావ జగన్నాధం బస్సు డిపోలో కంట్రోలరుగా రిటైరైన మనిషి. పొద్దున్న ఆరింటికల్లా రెండు సంచులు పట్టుకుని మార్కెట్టుకు బయల్దేరతాడు. ఏం కావాలో అడిగి వెళ్ళడు. ఏం కనబడితే అది తెస్తాడు.

నెలకు ఎనిమిది వేలే ఖర్చు పెట్టాలని శైలజ నిర్ణయించుకుంది. ఏ రోజు ఏం వండాలో ముందే రాసుకుంటే కావలసినవే కొనొచ్చు, ఏదీ కుళ్ళిపోదు అనుకుంది. బడిలో మిగిలిన చార్టు కాగితం మీద వారం రోజుల వంటలు గుండ్రటి అక్షరాలతో రాసి ఫ్రిజ్జు తలుపుకు అంటించింది. సుభద్రమ్మ కళ్ళజోడు పెట్టుకుని కూడబలుక్కుంటూ చదివింది.

"మంగళారం రాత్రి ఉప్మా." కళ్ళజోడు తీసింది. "మంగళారం ఇంకా రానే లేదు. ఆ రోజు నాకు ఏటి వండబుద్ధవుతాదో నాకే తెలీదు, నీకెలగ తెలుస్తాది?"

"ఊరికే ఓ పాలి సూద్దాం అత్తా. నాలుగు నెలలే."

సుభద్రమ్మ సరే అనలేదు, కాదనీ అనలేదు. సోమవారం, మంగళవారం చార్టు ప్రకారమే గడిచాయి. బుధవారం ఆనపకాయ పప్పు. ఆ పొద్దున్న జగన్నాధం సంచి వంటింటి గట్టు మీద పెడితే అందులోంచి నీళ్ళు కారాయి. రెండు కిలోల రొయ్యలు.

"భీమిలి నుంచి వచ్చిన సరుకట. ఇంకా మీసాలు కదుపుతన్నాయి సూడు" అన్నాడు కోడలితో, బహుమతి తెచ్చినవాడిలా.

"మావయ్యా, ఈ రోజు ఆనపకాయ పప్పు."

"ఆనపకాయ ఎక్కడికి పోతాది? రేపు కూడా ఆనపకాయే. రొయ్యలు రేపటికి ఇలగుంటాయేటి?"

రొయ్యల ఇగురు నిజంగానే అమోఘంగా కుదిరింది. శైలజ కూడా రెండోసారి వడ్డించుకుని తింది, తింటున్నంతసేపూ తనను తాను తిట్టుకుంది. శుక్రవారానికి చార్టు మీద నూనె మరక పడింది. మరుసటి వారం ఎవరూ దాని వైపు చూడలేదు. ఇరవయ్యో తేదీకి ఎనిమిది వేలూ అయిపోయాయి, నెలాఖరుకు పదిన్నర వేలయ్యాయి. పన్నెండు వేలలో చేతికొచ్చింది ఐదొందలు.

నెల ఆఖరు సాయంత్రం ఆటోలో ఇద్దరు మనుషులకూ ఒక ఎరువు బస్తాకూ మధ్య ఇరుక్కుని వస్తూ శైలజ కళ్ళు తుడుచుకుంది. మావయ్యతో గొడవ పడాలని లేదు. ఆయన తినడం కోసం కొనడు, పెట్టడం కోసం కొంటాడు. ఇల్లు చేరేసరికి ఆయన అరుగు మీద మనవరాలు పింకీకి ఏదో కథ చెబుతున్నాడు. డిపోలో ఒక డ్రైవరు రాకపోతే ఇంకొకణ్ణి ఎలా సర్దిందీ, అరవై బస్సులూ వేళకు ఎలా కదిలిందీ. ఈ కథ ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. శైలజ మొదటిసారి దాన్ని శ్రద్ధగా విన్నది.

"మావయ్యా, ఆ డ్యూటీ చార్టు ఎవురు రాసీవారు?"

"ఎవురేటి, నానే. ఇరవై రెండేళ్ళు. నా చార్టు మీద ఒక్క కొట్టివేత ఉండీది కాదు."

"మరి మన వంటింటిది కూడా మీరే రాసీయండి. నాకు సేతకాలేదు."

జగన్నాధం కోడలి మొహం వైపు చూశాడు. ఆటో దుమ్ము, తుడుచుకున్న కళ్ళు.

"ఎంతలో అవ్వాలి?" అన్నాడు.

"ఎనిమిది వేలు."

మర్నాడు ఆయన మార్కెట్టుకు వెళ్ళలేదు. స్టూలు వేసుకుని వంటింటి అరలన్నీ దింపించాడు. ఇంట్లో ఏముందో తెలియకుండా చార్టు ఎలా రాస్తారన్నాడు. ఆవాల పొట్లాలు నాలుగు బయటపడ్డాయి, నాలుగూ సగం సగం వాడినవే. అన్నిటి వెనకా పురుగుపట్టిన పెసరపప్పు మూడు కిలోలు. అవి కొన్నది తానేనని ఆయనకు గుర్తుంది, పైకి చెప్పలేదు. ఆ తర్వాత ఎర్ర సిరా, నీలం సిరా పట్టుకుని ఒక పూటంతా కూర్చుని రాశాడు. నెల మొత్తానికి పప్పు ఎన్ని గ్రాములో, నూనె ఎన్ని చెంచాలో, చేప ఏ ఆదివారమో. మార్కెట్టుకు సోమవారం, గురువారం మాత్రమే, అదీ చీటీతో. రొయ్యలు అమ్మే బుల్లమ్మ "ఏటి బాబూ, ఇటు సూడరేటి" అని పిలిస్తే ఆయన మెడ తిప్పకుండా నడిచిపోయాడని, ఆ మెడ ఎంత బిగుసుకుపోయిందో చూడాలని, దారిలో ఎదురైన త్రినాథ్ ఇంటికొచ్చి చెప్పాడు.

సెప్టెంబరు సగం దాటేసరికి డబ్బు మిగులుతోంది గానీ ఇంట్లో ఏదో తేడాగా ఉంది. జగన్నాధం ఉదయం పూట వంటింటి గుమ్మంలో నిలబడడం మొదలెట్టాడు. చారులోకి ఒక టమాటా రాస్తే రెండు ఎందుకు పడ్డాయని అడిగాడు. చార్టులో లేని గిన్నె లక్ష్మణమ్మ ఇంటికి ఎలా వెళ్ళిందని అడిగాడు. సుభద్రమ్మ జవాబు చెప్పడం మానేసింది. చార్టులో ఏముందో అదే వండింది, అంతే వండింది. ఒకరోజు చారు నోట్లో పెట్టుకుని త్రినాథ్ ఆగాడు.

"అమ్మా, చారు ఏటి ఇలగున్నాది?"

"ఎలగున్నాది?"

"ఇంగువ ఎయ్యలేదేటి?"

"చార్టులో ఇంగువ రాయలేదు" అంది సుభద్రమ్మ, మజ్జిగ గిన్నె ముందుకు జరుపుతూ.

జగన్నాధం మర్నాడే ఎర్ర సిరాతో ఇంగువ అని రాశాడు. ఆమె చిటికెడు ఇంగువ వేసింది. కానీ చారు మారలేదు. వంటల్లో ఉప్పూ కారమూ అన్నీ సరిగ్గానే ఉన్నాయి, ఎవరి వంటో తెలియనట్టుగా ఉన్నాయి. పింకీ కంచంలో అన్నం వదిలేయడం మొదలెట్టింది. శైలజకు తప్పెక్కడుందో అర్థమవుతోంది. ఎలా కదపాలో తెలియడం లేదు.

నెలాఖరు ఆదివారం మధ్యాహ్నం పదకొండున్నరకు ఇంటి ముందు కారు ఆగింది. సుభద్రమ్మ అన్న కూర్మయ్య, భార్య, ఇద్దరు కూతుళ్ళు దిగారు. పొందూరు వాళ్ళది. రామతీర్థంలో దర్శనం చేసుకుని తిరిగి వెళుతూ, దగ్గరే కదా అని వచ్చారు.

"సెప్పకుండా వచ్చీసినాం. భోజనానికే వచ్చినాం" అన్నాడు కూర్మయ్య, చెప్పులు విడుస్తూ.

"రండి పెదనాన్నా" అని నీళ్ళిచ్చి శైలజ వంటింట్లోకి పరుగెత్తింది. ఆ రోజు చార్టులో ఉన్నది ఐదుగురికి పప్పుచారు, వంకాయ వేపుడు. రేపు సోమవారం, మార్కెట్టు రోజు, అందుకని బుట్ట అడుగు కనిపిస్తోంది. సగం గుమ్మడికాయ, ఆరు వంకాయలు, రెండు నిమ్మకాయలు. జగన్నాధం అప్పటికే సంచి తీశాడు.

"కోడి తెచ్చెస్తాను. చార్టు సంగతి తరవాత సూద్దాం" అన్నాడు గొంతు తగ్గించి.

"దేవుడి దగ్గర్నుంచి వస్తన్నారు, కోడి తింటారేటి? సంచి అక్కడ పెట్టు" అంది సుభద్రమ్మ. చీర కొంగు నడుముకు దోపింది. నెల రోజుల తర్వాత ఆమె గొంతులో పాత జోరు వినిపించింది. "శైలజా, గుమ్మడికాయ తరుగు. ఏయ్ పింకీ, పెద్దమ్మమ్మకి నువ్వులడబ్బా ఎక్కడుందో సూపించి ఇటు పట్రమ్మను. అక్కడ మా అన్న పక్కన కూకుని ఏటి సేస్తాది?"

తర్వాత గంటా ముప్పావు ఆ వంటింట్లో ఎవరూ చార్టు వైపు చూడలేదు. గుమ్మడికాయ ముక్కలు చింతపండు, బెల్లంతో మగ్గాక సుభద్రమ్మ ఆవాలు నూరి కలిపింది. ఆ ఘాటు వీధిలోకి పోయింది. వంకాయలు మంట మీద కాల్చి పెరుగులో కలిపింది. కందిపప్పు దోరగా వేయించి రోట్లో పచ్చడి రుబ్బింది. వేయించిన నువ్వులతో పొడి కొట్టింది, డబ్బా అడుగునున్న వడియాలు వేయించింది. చారులో ఇంగువ ఎంత వేసిందో ఎవరూ అడగలేదు. ఇంట్లో లేనిది ఒక్కటీ కొనలేదు.

కూర్మయ్య గుమ్మడికాయ కూర మూడుసార్లు అడిగి పెట్టించుకున్నాడు. "మా అమ్మ సేత్తో తిన్నట్టున్నాది సుభద్రా" అన్నాడు. వెళ్ళేటప్పుడు మిగిలిన నువ్వుల పొడి అడిగి కట్టించుకున్నాడు.

కారు వెళ్ళాక జగన్నాధం అరుగు మీద కూర్చుని భార్యను పిలిచాడు.

"నెల రోజులూ నాకెందుకు పెట్టలేదు ఈ వంట?"

"నన్నెవురడిగినారు?" అంది సుభద్రమ్మ. చేతులు కొంగుకు తుడుచుకుంటూ గుమ్మం దగ్గరే నిలబడింది. "కాపరానికొచ్చి ముప్పైయేడేళ్ళు. పొద్దున్న కళ్ళు తెరిస్తే ఈయేళ ఏటి వండాలి అనుకుంటాను. ఎవురికి ఏటి ఇష్టం, ఇంట్లో ఏటున్నాది, అనుకుంటా పళ్ళు తోముకుంటాను. అదొకటే నా ఇష్టానికి వదిలినారు ఈ ఇంట్లో. దాన్ని కూడా కాయితం లాగీసుకున్నాది. డబ్బులు మిగలాలని నాకు మాత్రం లేదేటి? ఆ పిల్ల ఆటోల్లో పడి రావడం నాను సూడ్డం లేదేటి?"

అరుగు చివర కూర్చున్న శైలజ లేచి వెళ్ళి అత్త పక్కన నిలబడింది.

"చార్టు నాది అత్తా. మొదట రాసింది నానే. ముందు నిన్ను అడగాల్సింది."

"ఇప్పుడడుగు" అంది సుభద్రమ్మ.

ముగ్గురూ అక్కడే కూర్చున్నారు. సుభద్రమ్మ చెబుతుంటే జగన్నాధం రాశాడు, శైలజ ధరలు వేసింది. గుమ్మడికాయ కొంటే ముక్కలు ఒక పూటకు, చెక్కు పచ్చడికి ఇంకో పూటకు అని ఆమె చెప్పింది. కందిపప్పు రోజూ ఎందుకు, వారంలో రెండు రోజులు ఉలవచారు పెట్టమంది. సగం సగం ఆవాల పొట్లాల సంగతి తనకు ముందే తెలుసునంది. ఆమె లెక్క ఎనిమిది వేల కంటే తక్కువకే తేలింది. జగన్నాధం పెన్ను మూత పెట్టబోయి ఆగాడు.

"డిపోలో రెండు బళ్ళు ఎప్పుడూ ఖాళీగా ఉంచీవాళ్ళం. ఎప్పుడు ఏటి అవసరమొస్తాదో తెలీదు కదా" అని, మంగళవారం, శనివారం గళ్ళు ఖాళీగా వదిలేశాడు. "ఆ రెండు రోజులూ నీ ఇష్టం. నాను వంటింటి గుమ్మం కూడా ఎక్కను."

"ఏ రోజూ ఎక్కక్కర్లేదు" అంది సుభద్రమ్మ.

సెప్టెంబరులో రెండు వేల ఆరొందలు మిగిలాయి. అక్టోబరులో మూడు వేల నాలుగొందలు. ఖాళీ గళ్ళున్న రోజుల్లోనే తక్కువ ఖర్చవుతోందని శైలజ గమనించింది. అటూ ఇటూ మిగిలినవన్నీ ఆ రోజుల్లో సుభద్రమ్మ చేతిలో పడి కొత్త పేర్లు తెచ్చుకునేవి. పింకీ కంచం మళ్ళీ ఖాళీ అవుతోంది. నవంబరులో కార్తీకం కలిసొచ్చింది. బుల్లమ్మ పిలిచినా జగన్నాధం మెడ మామూలుగానే ఉంది. ఆ నెల మరో నాలుగు వేల మూడొందలు. అన్నీ కలిపితే ఇంకా పన్నెండొందలు తక్కువ. ఆ డబ్బు త్రినాథ్ తెచ్చిచ్చాడు.

"ఎక్కడివి బావా?"

"సాయంత్రం పూట షాపు ఎదురుగా పునుగులు తినీవోడిని. మానీసినాను" అన్నాడు. ఆయన బెల్టు ఒక బెజ్జం లోపలికి జరిగిందని అప్పుడు చూసింది శైలజ.

డిసెంబరు రెండో తేదీన స్కూటీ ఇంటి ముందుకొచ్చింది. నీలం రంగు, ఎడమవైపు చిన్న గీత. సోమవారం శైలజ ప్రార్థనకు పదిహేను నిమిషాల ముందే బడి గేటులోకి వెళ్ళింది. ఆమె క్లాసు పిల్లలు ఆ రోజు నవ్వడానికి వేరే టీచర్ని వెతుక్కున్నారు.

ఆ వారంలోనే ఒక సాయంత్రం పక్కింటి లక్ష్మణమ్మ ఒక తెల్ల కాగితం పట్టుకుని అరుగు దగ్గరకొచ్చింది. "అన్నయ్యా, మాకూ ఓ చార్టు రాసిచ్చెయ్యి. మా ఇంట్లో నూనె తాగుతన్నారో ఏటో తెలీడం లేదు."

జగన్నాధం కళ్ళజోడు సర్దుకున్నాడు. "మీ ఇంట్లో వండీది ఎవురు?"

"మా కోడలు."

"ఎల్లి ఆ పిల్లని పిలుసుకుని రా" అని, ఆయన కొంచెం పక్కకు జరిగి అరుగు మీద ఇద్దరికి చోటు చేశాడు.