బొమ్మల్లేని నీలం తాను

డిసెంబరు వచ్చి ఎండుగాలి మొదలైందంటే లోమేలోని ఆ వీధిలో ఆడవాళ్ళకి పొద్దున్నే రెండు పనులు తప్పవు. వాకిట్లో దుమ్ము ఊడ్చుకోవాలి, పెట్టెల్లోంచి మంచి గుడ్డలు తీసి తీగ మీద ఆరేసుకోవాలి. ఆరేసిన కాసేపటికి గుడ్డల మీద అచ్చువేసిన పిట్టలు లేచి, సముద్రం దాకా ఓ చక్కరు కొట్టి, పొద్దుగూకే వేళకి ఎవరి గుడ్డలోకి అవి వచ్చి సర్దుకుంటాయి. అవి రాందే గుడ్డ మడతపెట్టడానికి లేదు. "మీవి వచ్చేశాయా వదినా?" "ఇంకా రెండు రావాలి, కాసేపు చూస్తాను." సాయంత్రమైతే గోడల మీంచి ఇవే మాటలు.

మకఫుయికి ఈ ఏడాది పిట్టల్ని చూసే తీరిక లేదు. క్రిస్మస్‌కి ఇంట్లో ఆడవాళ్ళంతా ఒకే రకం గుడ్డ కుట్టించుకుని చర్చికి వెళ్ళాలి. ఆ గుడ్డ ఏడాదికో కోడలు పెట్టాలి. ఈసారి వంతు మకఫుయిది. అత్తగారు, ఇద్దరు తోడికోడళ్ళు, ఇద్దరు ఆడపడుచులు, తను, మొత్తం ఆరుగురు. మనిషికి నాలుగు గజాలు. పోయినేడు పెద్ద తోడికోడలు సిచోఫె పెట్టిన గుడ్డ గురించి వీధి చివరివాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు.

అసలు డబ్బే లేదంటే అదో దారి. తలగడ గలీబులో అరవై వేల ఫ్రాంకులున్నాయి. కానీ వాటి దారి వేరు. మకఫుయి ఆరేళ్ళుగా ఒడెట్ మేడమ్ దుకాణంలో కుట్టుపని నేర్చుకుంటోంది. నేర్చుకునే పిల్లకి జీతం ఉండదు, సొంతంగా ఒక్క జాకెట్టు కుట్టి కూలి తీసుకునే హక్కూ ఉండదు. మేడమ్‌కి అరవై వేలు కట్టాలి, ఆవిడ పదిమందిలో నెత్తిన పౌడరు చల్లి కాగితం ఇవ్వాలి. అప్పుడే విడుదల. ఆదివారాలు బొబ్బర్ల వడలు వేయించి అమ్మి కూడబెట్టిన డబ్బది. కట్టబోయిన ప్రతిసారీ మేడమ్ ఇంకాస్త పెంచింది. ఈ జనవరి దాటితే ఎనభై అని ముందే చెప్పేసింది కూడా.

"ఆ అరవై మాత్రం ముట్టుకోను," అంది మకఫుయి మొగుడితో. "విడిగా పది వేలున్నాయి. అందులోనే ఆరుగురికీ రావాలి."

సేలోమ్ మనుషుల్ని ఎక్కించుకుని బాడుగకి బండి తిప్పుతాడు. బండి తుడుస్తూనే, "పది వేలకి ఆరుగురికీ జేబురుమాళ్ళు వస్తాయి," అన్నాడు. "చక్కగా మడతపెట్టి ఇవ్వు."

మూడు రోజులు పెద్ద బజారంతా కాళ్ళరిగేలా తిరిగింది. గుడ్డ ఏదైనా సరే దానికో పేరుంటుంది, ఆ పేరుకో ధర ఉంటుంది. 'సవతి కన్ను' పది గజాలకే పది వేలు మింగేస్తుంది. 'మొగుడి జేబు' అయితే చెయ్యి కూడా వెయ్యనివ్వలేదు. చివరికి ఒక ముసలి కొట్టామె బల్ల కిందనుంచి ఓ తాను లాగింది. అచ్చుయంత్రం కింద పడకుండా తప్పించుకొచ్చిన గుడ్డ. ఒట్టి నీలం. ఓ చుక్క లేదు, గీత లేదు.

"దీని పేరేంటి మామ్మా?"

"పేరుంటే బల్ల కింద ఎందుకుంటుంది? ఇరవై నాలుగు గజాలు. పది వేలిచ్చి పట్టుకుపో. మళ్ళీ మార్చమని రాకు."

మకఫుయి నూలు వేళ్ళతో పట్టి చూసింది. గట్టి నేత. కటింగ్‌తోనే అందం తెద్దాంలే అని తలమీద పెట్టుకుని ఇంటికొచ్చింది.

సిచోఫె తాను విప్పి అటూ ఇటూ తిప్పింది. "వెనక వైపు ఉందా బొమ్మ?"

"లేదక్కా."

"అయితే మనం చర్చికి కాదు, ఆసుపత్రికి డ్యూటీకెళ్తున్నాం."

ఆడపడుచులు పొట్ట పట్టుకుని నవ్వారు. అత్తగారు ఎసినామ్ మాత్రం నవ్వలేదు, తిట్టలేదు, తన గిన్నెలో చేప ముల్లు తీసుకుంటూ కూర్చుంది. ఆవిడ ఏదో ఒకటి అనుంటే బాగుండేదని మకఫుయికి ఏడుపొచ్చినంత పనైంది.

మర్నాడు గంజి పోవడానికి గుడ్డ ఉతికి, ఆరు ముక్కలుగా తీగ పొడవునా ఆరేసింది. మధ్యాహ్నం గాలి లేచింది. వీధిలో పిట్టలన్నీ సముద్రం వైపు వెళ్తూ వెళ్తూ ఆగాయి. అంత నీలం, అంత ఖాళీ. ఖాళీ చోటు ఎవరికి చేదు? ఒకటి వాలింది, పది వాలాయి, చూస్తుండగానే గుడ్డ నిండిపోయింది. సాయంత్రానికి పక్కింటివి పక్కింటికి, పాస్టరుగారి భార్యవి ఆవిడ పెట్టెకి వెళ్ళిపోయాయి. కానీ ఎర్రముక్కు పిట్టలు యాభై దాకా కదల్లేదు. ఆరు ముక్కల మీదా తీరిగ్గా సర్దుకుని రెక్కలు ముడిచాయి.

వాటిని చూడగానే మకఫుయి గుర్తుపట్టింది. అవి ఒడెట్ మేడమ్ పండగ గౌనులోవి. ఆ గుడ్డ మేడమే కత్తిరించింది. తలగుడ్డకి ఓ గజం మిగులుతుందని ముక్కలు ఇరికించి మరీ గీసి, అడ్డం వచ్చిన రెక్కనీ తోకనీ కచకచా కోసేసింది. కుట్టింది మకఫుయి. తన పిట్టలు తన దగ్గర విడుదలకి ఎదురుచూసే పిల్ల ఇంట్లో ఉన్నాయని తెలిస్తే ఇంకేం విడుదల?

చీపురుతో అదిలించింది. ఈ ముక్క మీంచి ఆ ముక్క మీదకి గెంతాయి. బతిమాలింది. ఒకటి ముక్కు గోక్కుంది.

"ఉండనీ పిల్లా," అంది అత్తగారు. రెండ్రోజుల్లో ఆవిడ అన్న మొదటి మాట అదే. "వాటికి రెక్కలున్నాయి. వెళ్ళాలనుంటే వెళ్ళేవి. నువ్వెళ్ళి కత్తెర తెచ్చుకో."

పిట్టలున్న గుడ్డ కోయడం అంత తేలిక కాదు. చెయ్యి తొందరపడితే బెదిరి కత్తెర కిందే పడతాయి. నెమ్మదిగా వెళ్తే, రైల్లో కొత్తవాళ్ళకి చోటిచ్చినట్టు పక్కకి జరుగుతాయి. మకఫుయి ఒక్కో చంక దగ్గరా ఆగి, "కాస్త జరగండమ్మా," అని, అవి జరిగాకే కత్తెర వేసింది. నాలుగు రోజులు పట్టింది. ఆరు గౌన్లూ వేసుకుని చూసుకున్నాక సిచోఫె అద్దం ముందునుంచి కదిలితే ఒట్టు.

"ఆసుపత్రికి ఎప్పుడెళ్దామక్కా?" అంది మకఫుయి.

"నోర్ముయ్యవే," అంది సిచోఫె, భుజం మీద పిట్టని నిమురుకుంటూ.

పండగనాడు చర్చి గుమ్మంలో ఆరుగుర్నీ చూసి జనం దారిచ్చారు. మకఫుయి మాత్రం ప్రార్థనంతా తలుపు వైపే చూసింది. ఒడెట్ మేడమ్ ఆలస్యంగా వచ్చింది. పసుపు గౌను, దాని మీద పిట్ట లేదు. పూర్తిగా లేకపోయినా పోయేది. సరిగ్గా ఉన్నవన్నీ ఎగిరిపోయి, తెగినవి ఎగరలేక మిగిలిపోయాయి. చంకలో సగం రెక్క, నడుము దగ్గర ఒంటి తోక, మెడ పక్కన ఎర్రముక్కు ఒక్కటీ. ఆవిడ కత్తెర ఎక్కడెక్కడ తప్పిందో ఊరంతటికీ కనపడుతోంది. పాటల పుస్తకాల చాటున నవ్వులు మొదలయ్యాయి. మకఫుయికి నవ్వు రాలేదు, జాలేసింది. ఆ కుట్లన్నీ తను వేసినవే మరి.

ప్రార్థన అయ్యాక మేడమ్ తిన్నగా వాళ్ళ దగ్గరికొచ్చింది. ఎవరితోనూ మాట్లాడకుండా ఎసినామ్ చెయ్యి పైకెత్తి, చంక కుట్టు చూసింది. లోపలి వైపు తిప్పి చూసింది. అంచు మడత విప్పి చూసింది.

"ఒక్క రెక్క కూడా తెగలేదు," అంది చివరికి.

"ఏం చేస్తాం తల్లీ," అంది ఎసినామ్. "ఆరేళ్ళు నీ దగ్గరున్నా తెగ్గొట్టడం మాత్రం నేర్చుకోలేకపోయింది."

చుట్టూ ఉన్నవాళ్ళు దగ్గుల్లోకి దిగారు. మేడమ్ ముఖం కందగడ్డయింది. "నా పిట్టలు నాక్కావాలి."

"పిలవండి మేడమ్," అంది మకఫుయి. "వస్తే తీసుకెళ్ళండి."

మేడమ్ చెయ్యి చాపింది. యాభై పిట్టలూ అటు చూశాయి, మళ్ళీ ఇటు తిరిగి కూర్చున్నాయి.

"అవి అలిగింది మీ మీద కాదు మేడమ్. తెగినవాటిని వదిలి ఎలా వస్తాయి? కోసిన ముక్కలన్నీ నా దగ్గరే ఉన్నాయి, పారెయ్యబుద్ధి కాలేదు. కుట్లు విప్పి సగాలకి సగాలు కలిపి కుడితే మిగతావి వాటంతటవే వచ్చేస్తాయి."

ఒడెట్ మేడమ్ తన నడుము దగ్గరి ఒంటి తోకని చాలాసేపు చూసుకుంది. ఆ తర్వాత అలవాటుగా, ఏ కుట్టు దుకాణంలోనైనా ఎవరైనా అడిగేట్టే అడిగింది.

"ఎంత తీసుకుంటావు?"

నేర్చుకునే పిల్లని ధర అడగరు. ఆరేళ్ళలో మకఫుయిని ఆ మాట అడిగినవాళ్ళు లేరు. తనేమందో మేడమ్‌కి అప్పుడు తెలిసింది. వెనక్కి తీసుకోవచ్చు, కానీ తీసుకోలేదు.

ఎసినామ్ చేతిసంచీ తెరిచి పౌడరు డబ్బా తీసింది. మూత చుట్టూ కాగితం ఇంకా చింపలేదు. ఈస్టరుకి కొన్నదట, అప్పటినుంచీ ప్రతి ఆదివారం సంచీలో వేసుకుని తిరుగుతోందట. అది చూసి మకఫుయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అత్తగారు డబ్బాని మేడమ్ చేతిలో పెట్టింది.

మేడమ్ డబ్బా మీది కాగితం చింపి, మూత తిప్పి, మకఫుయి నెత్తిన సగం డబ్బా ఒంపేసింది. ఆడవాళ్ళు పాట ఎత్తుకున్నారు. సిచోఫె భుజం మీది పిట్ట గట్టిగా తుమ్మింది.

"ధర చెప్పలేదు," అంది మేడమ్.

మకఫుయి కళ్ళమీది పౌడరు తుడుచుకుంది. "బోణీ మీదే మేడమ్. అరవై వేలు."

మేడమ్ ఎసినామ్ వైపు చూసింది. "పండగ రోజు కదమ్మా," అంది ఎసినామ్.

ఒడెట్ మేడమ్ బేరమాడలేదు. కొలతలు తీసుకోమన్నట్టు రెండు చేతులూ పైకెత్తి నిలబడింది. మకఫుయి తన సంచీలోంచి టేపు తీసింది. అప్పుడు ఆమె భుజం మీంచి ఎర్రముక్కు పిట్ట ఒకటి లేచి, వెళ్ళి మేడమ్ చంక దగ్గరి సగం రెక్క పక్కన వాలింది.