నా నెత్తిన చదరంగం

నేను ఒక క్యారమ్ బోర్డును. ఇన్నేళ్లూ మొహం మీద టకటకా కొట్టించుకున్నా రాని కోపం నాకు ఇవాళ వచ్చింది.

పుట్టింది హైదరాబాదులో, ప్లైవుడ్ కోసే ఒక కార్ఖానాలో. మొదట నన్ను కొన్నది జమ్మికుంటలో ఒక యువజన సంఘం. సమాజాన్ని మారుస్తామని గోడ మీద రాసుకుని, పగలంతా నా మీద కాయిన్లు కొట్టుకునేవారు. సంఘం మూతబడ్డాక, ఎదురుగా పంక్చర్ దుకాణం నడిపే సమ్మయ్య నన్ను ఇంటికి మోసుకుపోయాడు. దుకాణం కట్టేసి వచ్చి కూతురు రవళితో ఆడేవాడు. చిన్నపిల్ల కదా అని ఒక్క ఆట కూడా కావాలని ఓడిపోలేదు. ఓడి, ఏడ్చి, పౌడరు డబ్బా విసిరికొట్టిన ఆ పిల్ల పదో తరగతికి వచ్చాక తండ్రిని ఓడించింది. సమ్మయ్య వాడకట్టంతా తిరిగి తన ఓటమి గురించి గొప్పగా చెప్పుకున్నాడు.

ఇప్పుడు ఏదో పెద్ద యూనివర్సిటీలో సీటు కావాలంటే తన గురించి వ్యాసం రాయాలట. రవళి ఇదంతా రాసింది, కాగితం నా మీదే పెట్టుకుని. నాకెంత గర్వమో!

డబ్బు తీసుకుని ఇలాంటి వ్యాసాలు దిద్దిపెట్టే కన్సల్టెన్సీ విక్రాంత్ ఫోన్ చేసి దాన్ని కొట్టిపారేశాడు.

“క్యారమ్స్ ఏంటమ్మా, అరుగు మీద ఆట! సెంట్రల్ థీమ్ ఏదీ ఇందులో? చెస్ అని మార్చేశా. మీ నాన్నగారు చనిపోయినట్టు పెట్టా. పోయిన తండ్రి నేర్పిన చెస్, అదీ థీమంటే! చెస్ బోర్డుతో ఫొటో పంపు. నువ్వొక్కదానివే ఉండాలి.”

“మా బాపు మంచిగనే ఉన్నడు సార్.”

“ఉంటే ఉన్నారులే. యూనివర్సిటీవాళ్లకేం తెలుస్తుంది?”

ఒళ్లు మండిపోయింది నాకు. బతికున్న మనిషిని చంపితే తప్ప దొరకని థీమ్ ఎందుకురా నీకు! నా నాలుగు మూలల్లో ఏదో ఒక చిల్లులోకి వాణ్ని కొట్టేయాలనిపించింది.

రవళి కావాలనగానే పక్కింటివాళ్ల చదరంగం తెచ్చి నా మీద పెట్టింది సమ్మయ్యే. ఎందుకో అడగనైనా అడగకుండా, ఎప్పటిలాగే ఎదురుగా కూర్చున్నాడు. రవళి తల దించుకుని అంతా చెప్పింది. ఆ చదరంగాన్ని తీసి గోడకేసి కొడతాడని నేను ఆశపడ్డాను.

“గట్ల రాస్తే సీటొస్తదా బిడ్డా?” అన్నాడు.

“వస్తదంటుండు బాపూ.”

సమ్మయ్య లేచి, ఆమె చేతిలోని ఫోన్ తీసుకుని ఫొటో తీయడానికి దూరంగా నిలబడ్డాడు.

“ఆగు బిడ్డా, నా నీడ వడ్తుంది” అంటూ ఇంకాస్త వెనక్కి జరిగాడు.